మగ్గం చెవుడు

నిన్న మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. ప్రొద్దుటూరులో మరమగ్గాల సందుల్లో ఉండేవాళ్లకు కరెంటు పోవడమంటే ముందుగా తెలిసేది ఫ్యాను ఆగడం కాదు, మోత ఆగడం. పొద్దున లేచినప్పటి నుంచి గోడల్లోంచి, నేలలోంచి, తాగే నీళ్ల గ్లాసులోంచి కూడా వచ్చే టకటక ఒక్క దెబ్బన తెగిపోతుంది. కుట్టుమిషను తొక్కుతున్న నా కాలు దానంతటదే ఆగిపోయింది. పక్క ఇంట్లో ఎవరో గిన్నె కడుగుతున్నారు. సందు చివర ఒక ముసలాయన దగ్గుతున్నాడు. ఈ శబ్దాలన్నీ రోజూ ఉండేవే, నిన్న ఆ కాసేపు మాత్రం వినబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో నాకు చౌడేశ్వరి మేడం గుర్తుకొచ్చారు. ఆమె పోయి ఏడాది దాటింది. మగ్గాలు ఆగినప్పుడల్లా గుర్తుకొస్తూనే ఉన్నారు.

ఇది నేనెందుకు రాస్తున్నానో ముందే చెప్పాలి. నేను దర్జీని. పదో తరగతి దగ్గర చదువు ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా మా ఊరి గ్రంథాలయంలో. అలా చదివినవాడిననే గర్వం నాకు కొంచెం ఎక్కువేనని మా ఇంట్లో అంటారు. రాయవలసింది నిజానికి మేడం. రాయమని ఎన్నోసార్లు అడిగాను. తెలిసింది తక్కువ, తెలియంది ఎక్కువ, అలాంటిది ఎవరు చదువుతారప్పా అనేవారు. చివరికి ఆ పని నాకు ఒప్పజెప్పి వెళ్లిపోయారు. ఆమె తల్లి వైపు ఆడవాళ్ల పిల్లలు, వాళ్ల పిల్లలు ఇవాళ జమ్మలమడుగులో, పులివెందులలో, ఇంకా పేరు తెలియని ఊళ్లలో ఉన్నారు. వాళ్లలో ఎవరికో ఒకరికి రేపు జ్వరమొస్తే, డాక్టరు ఒక ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్నకు వాళ్లేం చెప్పాలో ఎక్కడైనా రాసి ఉండాలి. నాకు పూర్తిగా అర్థం కాని విషయం రాస్తున్నాను, అది కూడా ముందే చెబుతున్నాను.

మేడం మా ఊళ్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. పుట్టిల్లు జమ్మలమడుగు, నేతవాళ్ల ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. వయసులో ఉండగా ఒక పెద్ద నగరంలో ప్రయోగశాలలో పరిశోధనకు చేరారట. తండ్రి పోవడంతో అది సగంలో వదిలి, తల్లిని చూసుకోవడానికి దగ్గరగా ఉంటుందని ప్రొద్దుటూరు వచ్చేశారు. నా అంగడికి రవికలు కుట్టించుకోవడానికి వచ్చేవారు. ఒకసారి కొలత జాకెట్టు తీసుకొని వస్తే నేను మిషను మీద పుస్తకం పెట్టుకొని చదువుతున్నాను. సూక్ష్మజీవుల మీద, వాటిని చంపే మందుల మీద తెలుగులో వచ్చిన పాత పుస్తకం. గ్రంథాలయం ఓబులేసు గారు నాకోసం బీరువా అడుగు నుంచి తీసి ఇచ్చింది.

మేడం పుస్తకం తిరగేసి చూశారు. నేను గొప్పగా, మట్టిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల నుంచి స్ట్రెప్టోమైసిన్ తీస్తారనీ, క్షయకు మొట్టమొదట పనిచేసిన మందు అదేననీ, కానమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ అన్నీ ఆ ఇంటి బిడ్డలేననీ, అమైనోగ్లైకోసైడ్లు అని వాటి ఇంటిపేరనీ ఏకరువు పెట్టాను.

"బాగుందప్పా. ఎట్ల చంపుతాయి అవి?"

"విషం కదా మేడం, చంపుతాయి."

"విషం అనేది పేరప్పా. పని కాదు. ఏం పని చేసి చంపుతాయి?"

నాకు తెలియలేదు. పుస్తకంలో ఆ పేజీ నేను రెండుసార్లు చదివాను. సూక్ష్మజీవి తప్పుగా చదువుకునేట్టు చేస్తుందని ఉంది. సూక్ష్మజీవి చదవడమేమిటో అర్థం కాక ముందుకు పోయాను. అది ఒప్పుకోవడానికి సిగ్గేసి రవిక చేతుల పొడవు ఎంత పెట్టాలని అడిగాను. ఆమె నవ్వి, ఆదివారం జమ్మలమడుగు పోతున్నాను, వస్తే చూపిస్తానన్నారు.

ఆ ఆదివారం సంగతి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మేడం తమ్ముడు నాగరాజు ఇంట్లో ఇంకా చేతిమగ్గం ఉంది. గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చొని నేస్తాడు. మగ్గం పైన జకార్డు పెట్టె. దాని మీదుగా ఒకదానికొకటి కుట్టిన అట్టల దండ తిరుగుతూ ఉంటుంది. అట్టల నిండా బెజ్జాలు. బెజ్జం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, ఆ సూదికి సంబంధించిన దారం పైకి లేస్తుంది. బెజ్జం లేనిచోట దారం కిందే ఉంటుంది. ఏ దారం లేచిందో, ఏది లేవలేదో దాన్ని బట్టి అంచు మీద పువ్వు పడుతుంది. ఓ మూల మేడం తల్లి నూలు కండెలు చుడుతూ కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. నేను నమస్కారం చేసి బాగుండారా అవ్వా అంటే మళ్లీ నవ్వింది.

"ఆమెకు ఇనపడదు బాషా. మగ్గం చెవుడు," అన్నాడు నాగరాజు. చెవి దగ్గర చేత్తో టకటకమని చూపించాడు.

అది మా వైపు అందరికీ తెలిసిన మాటే. మరమగ్గాల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు చెవులు మందగిస్తాయి. గట్టిగా మాట్లాడతారు, టీవీ గట్టిగా పెట్టుకుంటారు. ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. దర్జీ వీపు వంగినట్టు, వడ్రంగి చేయి కాయలు కాసినట్టు, అది పనికి సంబంధించిన గుర్తు, అంతే. మేడం తల్లి చేతిమగ్గం మానేశాక చాలా కాలం ప్రొద్దుటూరులో మరమగ్గాల షెడ్డులో పనిచేసిందట.

మేడం అట్టల వైపు చూపించి, ప్రతి జీవకణంలోనూ ఇలాంటి మగ్గాలు లెక్కలేనన్ని ఉంటాయన్నారు. పైనుంచి రాతలాంటి ఒక దండ వస్తుంది. మగ్గం దాన్ని మూడు మూడు గుర్తుల చొప్పున చదివి, తగిన పూసను తెచ్చి గుచ్చుతుంది. అలా తయారయ్యే దండలే మాంసకృత్తులు. కణం బతకడానికి కావలసినవన్నీ అవే.

"ఇప్పుడీ సూదుల కాడ కొంచెం బంక తగిలిందనుకో. బెజ్జం లేకున్నా దూరుతుంది. మగ్గం ఆగదు బాషా. అది చూడు ముందు. నేస్తానే ఉంటుంది, తప్పు పువ్వు నేస్తుంది. మన మందు సూక్ష్మజీవి మగ్గంలో సరిగ్గా చదివేచోట పోయి కూచుంటుంది. అది తప్పుడు దండలు గుచ్చి, వాటినే తీసకపోయి తన ఇంటి గోడకు పెట్టుకుంటుంది. గోడ కారుతుంది. ఆ కంతల్లోంచి ఇంకా మందు లోపలికొస్తుంది. అట్ల సస్తుంది."

నేను చాలాసేపు ఆ సూదులనే చూశాను. నాగరాజు నేయడం ఆపి, అక్కా, నా మగ్గానికి బంక గింక తగిలించొద్దు, రేపు చీర దించాల అన్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నాకు ఒక సందేహం వచ్చింది. మనకూ మగ్గాలున్నాయి కదా, మన మగ్గం ఎందుకు తప్పు నేయదు? మేడంకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. మన మగ్గం అమరిక కొంచెం వేరు, మందు అక్కడ సరిగ్గా కూచోదు అన్నారు. తర్వాత కొంచెం ఆగి ఇంకో మాట చెప్పారు. మన కణం లోపల శక్తి పుట్టించే చిన్న చిన్న అరలున్నాయి, మైటోకాండ్రియాలు. వాటికి సొంత మగ్గాలున్నాయి. అవి సూక్ష్మజీవి మగ్గానికి చాలా దగ్గరి పోలిక. కొన్ని కుటుంబాల్లో ఒక్క గుర్తు తేడా వల్ల ఇంకా దగ్గరైపోతాయి. అలాంటివాళ్లకు ఈ సూదిమందు పడితే చెవి లోపలి సన్నని కణాలు చచ్చిపోతాయి. అవి మళ్లీ పుట్టవు. ఆ అరలు తండ్రి నుంచి రావు, తల్లి నుంచే వస్తాయి.

ఆ మాటలు చెబుతున్నప్పుడు మేడం తల్లి మా పక్కనే కండె చుడుతూ ఉంది. మేడం ఆమె భుజం మీద చేయి వేసుకొనే చెప్పారు. ఆ చేయి గురించి నేను ఎన్నిసార్లు ఆలోచించానో.

ఆ తర్వాత కొన్నేళ్లు నాకు మంచి కాలం. మేడం కాలేజీ నుంచి ఇంటికి పోతూ అంగడి దగ్గర ఆగేవారు. స్టూలు మీద కూర్చొని నేను చదివింది వినేవారు. నాకు అర్థం కానివి ఎక్కువ. ఒకసారి ఒక వ్యాసంలో ఆకు ముక్కల మీద కానమైసిన్ పోశారని చదివి తల తిరిగిపోయింది. ఆకుకు క్షయ వస్తుందా? మేడం నవ్వు ఆపుకోలేకపోయారు.

"జబ్బుకు కాదప్పా, ఏరుకోడానికి. నేను ఆడ చేస్తాన్నింది అదే పని."

వేరుశనగకు తెగులు తట్టుకునే గుణం ఎక్కించాలని ఆ ప్రయోగశాల ఆశ. ముందు చేయి తిరగడానికి పొగాకు ఆకుల మీద చేసేవారట. కొత్త జన్యువును ఆకు ముక్కల్లోకి పంపిస్తారు. వేల కణాల్లో ఏ కొన్నింటికో అది పడుతుంది. దేనికి పడిందో కంటికి కనపడదు. అందుకని ఆ జన్యువుతో పాటు కానమైసిన్‌ను తట్టుకునే ఇంకో జన్యువును కలిపి కట్టి పంపుతారు. తర్వాత కానమైసిన్ కలిపిన జావ మీద ముక్కలన్నీ పరుస్తారు. జన్యువు పడని ముక్కలు తెల్లగా పాలిపోతాయి, ఎందుకంటే ఆకుపచ్చదనం తయారుచేసే అరల్లోనూ సూక్ష్మజీవిని పోలిన మగ్గాలే. ఆ తెల్లటి వాటి మధ్యలో ఒకటో రెండో పచ్చటి మొలకలు లేస్తాయి. మనకు కావలసింది వాటిలో ఉంటుంది. జంతువుల కణాలకైతే ఆ ఇంటిదే ఇంకో మందు వాడతారట. మొదటిసారి పచ్చటి మొలక లేచిన రోజు మేడం హాస్టలుకు పోకుండా ఆ గాజు గిన్నె ముందే కూర్చున్నారట. అది చెబుతున్నప్పుడు ఆమె ముఖం చూసి, చదువు సగంలో వదిలినందుకు బాధ లేదా అని అడగబోయి మానుకున్నాను. మందు మాట వస్తే మాత్రం, నా కానమైసిన్ అనేవారు, ఇంట్లో పిల్లిని పిలిచినట్టు.

మేడం తల్లి పోయిన మరుసటి ఏడు మేడంకు పెద్ద జ్వరం వచ్చింది. మూత్రపిండాలకు ఇన్ఫెక్షన్ ఎక్కింది. నాగరాజు రావడానికి టైము పడుతుందని నేనూ మా ఇంటావిడ హసీనా ఆసుపత్రిలో ఉన్నాం. పరీక్షలో తేలిందేమంటే, ఆ సూక్ష్మజీవి మామూలు మందులకు లొంగడం లేదు, అమికాసిన్‌కు లొంగుతుంది. పెద్దాయన, నిదానస్తుడైన డాక్టరు. మంచం పక్కన నిలబడి అన్నీ వివరంగా చెప్పాడు. మూత్రపిండాలను, చెవులను కనిపెట్టి ఉండాలన్నాడు. తర్వాత అడగవలసింది అడిగాడు, మీ వాళ్లలో ఎవరికైనా చెవుడు ఉందా అని.

"లేదు సార్. మా అమ్మకు మగ్గం చెవుడు, అంతే."

డాక్టరు తల ఊపాడు. ఈ ఊళ్లో ఆ మాట ఆయన రోజూ వినేదే. నేను ఆ మాట విన్నాను. నాకు కూడా ఏమీ అనిపించలేదు. పైగా మేడం ఆ జ్వరంలోనూ నా వైపు తిరిగి, చూసినావా, నా కానమైసిన్ తమ్ముడే వస్తాండాడు అన్నారు.

జ్వరం తగ్గింది. మూత్రపిండాలు బాగుపడ్డాయి. ఆ మందు ఆమెను బతికించింది, అది ఎవరూ కాదనలేరు. ఇంటికి వచ్చాక చెవుల్లో ఈల వేసినట్టుంది అన్నారు. నీరసమనుకున్నాం. ఒక సాయంత్రం అంగడికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. నేను పుస్తకంలో ఏదో చెబుతున్నాను. ఆమె నా వైపు కాకుండా సందు వైపు చూస్తున్నారు.

"కరెంటు పోయిందా బాషా?"

పోలేదు. మగ్గాలు చెవులు పగిలేట్టు మోగుతున్నాయి. నేను లేదని తల ఊపాను. ఆమె మెల్లగా తల ఎత్తి చూశారు. పైన ఫ్యాను తిరుగుతోంది. దాని వైపే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. ఆమెకు ఎటూ వినబడలేదు.

కొన్ని వారాల్లో పూర్తిగా పోయింది. కాలేజీ మానేశారు. చెవి మిషను పెట్టి చూశారు, మోత తప్ప మాట తెలియడం లేదని తీసేశారు. ఆమెతో మాట్లాడటానికి నేనొక ఉపాయం చేశాను. అంగట్లో నల్ల లైనింగు గుడ్డ ముక్కలకు కొదవలేదు. బట్ట మీద గీతలు గీసే సున్నపుబిళ్లతో దాని మీద రాసేవాణ్ని. చదివాక దులిపేస్తే పోతుంది. ఆమె నోటితోనే జవాబు చెప్పేవారు, తనకు తెలియకుండానే గట్టిగా. సందులో పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఒకసారి నేను గుడ్డ మీద, డాక్టరు తప్పా మేడం అని రాశాను. కాదన్నారు. మందు తప్పా అని రాశాను. కాదన్నారు. మరి అని రాసి ఆగిపోయాను.

"నేను తెల్లబడిన ముక్కనప్పా. అంతే. కొందరికి పోతుంది, ఎందుకో తెలీదు. మోతాదుకే పోతుంది ఒక్కోసారి."

అప్పటికి ఆమెకు తల్లి గుర్తుకు రాలేదు. నాకూ రాలేదు. ఇంత తెలిసినావిడకు ఎందుకు తట్టలేదని తర్వాత చాలామంది అడిగారు. మగ్గాల మధ్య పుట్టి పెరగనివాళ్లే అలా అడుగుతారు.

మరుసటి ఏడు పులివెందుల నుంచి కబురు వచ్చింది. మేడం తల్లికి ఒక చెల్లెలు ఉంది, నాగమ్మ. పసితనంలోనే పిల్లలు లేని బంధువులు పెంచుకోవడానికి పులివెందుల తీసుకుపోయారు. భర్త చీనీతోటలకు, అదే బత్తాయి తోటలకు, కాపలా ఉండేవాడు. నాగమ్మ కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. ఆమె కూతురు సుమలతకు కాన్పయింది, ఆడపిల్ల. చూడటానికి మేడం బయలుదేరుతూ నన్ను తోడు రమ్మన్నారు. నాగమ్మకు కూడా చెవుడేనని నాకు అక్కడికి పోయాకే తెలిసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని, ఒకరి మాట ఒకరికి వినబడకుండా ఇద్దరూ ఒకేసారి అరుచుకున్నారు. నాగమ్మకు చదువు రాదు కాబట్టి నల్లగుడ్డ పనికి రాలేదు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి కేకవేస్తే కొంచెం అందుతుంది. మేడంకు గుడ్డ, నాగమ్మకు కేక. మధ్యలో నా గొంతు పోయింది.

"ఏమే చౌడీ, నీగ్గూడా వచ్చిందే మీ యమ్మ చెవుడు," అంది నాగమ్మ. నేను అది రాశాను. మేడం చదివి నవ్వి, నన్ను అడగమన్నారు, నీకు యాడిదే చిన్నమ్మా మగ్గం చెవుడు అని. నేను కేకవేశాను.

"మగ్గమా? నేను యాడ కూచున్న్యా నాయనా మగ్గం మీద. మగ్గం మొగమే చూల్యా. తోటలో బతికినదాన్ని. పాప పుట్టినెబుడు జరమొస్తే ఆరెంపీ డాక్టరు పొద్దుమాపు సూదులేసినాడు. ఆ సూదులతోనే పాయ."

నేను అదంతా సుద్దతో రాశాను. మేడం చదివారు. చదివి గుడ్డ నా చేతికి ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకొని, అమ్మకో, అని ఒక్క మాట అడిగారు. నాగమ్మకు ఆ మాట వినబడలేదు కానీ ముఖం చూసి అర్థం చేసుకుంది.

"మీ యమ్మకు గూడా సూదులే. నువ్వు చంటిబిడ్డవు. టీబీ వచ్చింటే మీ నాయన కడపకు తీస్కపోయి నెలల తరబడి సూదులు ఏయించినాడు. బయట చెప్పల్యా. టీబీ అంటే మీ అత్తలకు పెండ్లిళ్లు కావు గదా. చెవులు పోతే మగ్గమనిరి. మగ్గమంటే ఎవురూ ఏమనరు."

తల్లి మగ్గాల షెడ్డులో చేరింది తర్వాతేనని, అంతకు ముందే తనకు ఊహ తెలిసినప్పటి నుంచీ తల్లికి వినబడదని, బస్సులో తిరిగి వచ్చేటప్పుడు చెప్పారు. అది ఆమెకు ఎప్పుడూ తెలుసు. ఎప్పుడూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

కానీ బస్సు ఎక్కేలోపు జరగవలసింది ఒకటి ఉంది. సుమలత, బిడ్డ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. మేం పోయేసరికి బిడ్డకు జ్వరం, పాలు తాగడం లేదు. సుమలత అత్త వరండాలో నిలబడి ఉంది, ఇన్ఫెక్షన్ అంట, సూదులు మొదలు పెడుతున్నారంట అని చెప్పింది. మేడం నా చేయి పట్టుకొని, ఏం సూదో కనుక్కో అన్నారు. నేను లోపలికి పోయి నర్సమ్మను అడిగాను. రెండు మందులు చెప్పింది. మొదటిది నాకు గుర్తు లేదు. రెండోది నల్లగుడ్డ మీద రాశాను. జెంటామైసిన్.

మేడం నేరుగా డాక్టరు గదిలోకి పోయారు. చిన్న వయసు డాక్టరు. ఆమె గొంతు ఎంత పెద్దదిగా ఉందో ఆమెకు తెలియదు, వార్డంతా విన్నది. మా అమ్మ, మా చిన్నమ్మ, నేను, ముగ్గురికీ ఈ మందు జాతి సూదుల తర్వాతే చెవులు పోయాయి, ఈ బిడ్డ మా ఆడవాళ్ల వరసలోనిది, ఆ ఒక్క మందు వద్దు అన్నారు. డాక్టరు విని, పరీక్ష చేయించుకున్నారా, రిపోర్టు ఉందా అన్నాడు. నేను రాశాను. లేదన్నారు. ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసిందన్నాడు. ఇప్పుడే, ఇంతకు ముందే అన్నారు. ఆయన నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను? ఆమె చెప్పింది నిజమని నాకు అనిపిస్తోంది. కానీ పుస్తకాల్లో చదివిన నా నమ్మకం మీద ఒక పసిబిడ్డ ప్రాణం పెట్టమని ఎలా అంటాను?

సుమలత అత్త లోపలికి వచ్చేసింది. "బిడ్డ కాలిపోతాంటే మందు వద్దంటాదే. ఎవురీమె? చెవులు లేకుంటే లేకపాయ, పానం ఉంటే సాలదా?"

నేను అది రాయలేదు. మేడం నా చేతిలోని గుడ్డ వైపు చూసి, రాయి అన్నారు. రాశాను. ఆమె చదివారు.

"ఆయమ్మ చెప్పింది నిజమే సార్. ఇదొక్కటే మందైతే ఇయ్యండి, నేను అడ్డం రాను. నాకూ అట్లనే ఇచ్చినారు, బతికినా. ఇంకోటుంటే అది ఇయ్యండి."

డాక్టరు మందుల చీటీ మళ్లీ చూశాడు. తలుపు అవతల వార్డులో సుమలత మంచం మీద కూర్చొని ఎవరి ముఖం చూడాలో తెలియక అందరినీ చూస్తోంది. చివరికి ఆయన, ఇంకో మందు ఉంది, అలవాటుగా ముందు ఇచ్చేది ఇదైనా మార్చి ఇవ్వవచ్చు, మార్చినందువల్ల బిడ్డకు లోటు జరగదు అన్నాడు. నర్సమ్మను పిలిచి రాసింది కొట్టేసి వేరే రాశాడు. తర్వాత నాతో, నెమ్మదిగా, ఆవిడ చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు, తెలుసుకోవాలంటే పరీక్ష చేయించండి అన్నాడు. ఆ మాట కూడా రాశాను. మేడం చేతులు జోడించారు.

బిడ్డ వెంటనే కోలుకోలేదు. ఆ రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. సుమలత ఫోను చేసినప్పుడల్లా, తీయడానికి భయపడేవాణ్ని. మందు మార్చినందుకే బిడ్డ పోతే? మేడం అంగడికి వచ్చి స్టూలు మీద కూర్చొని నా ముఖమే చూసేవారు. ఒక ఉదయం సుమలత, పాలు తాగుతాంది మామా అంది. నేను గుడ్డ వెతకలేదు. చేతులతో పాలు తాగే బిడ్డను చూపించాను. మేడం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇక్కడితో ఆపితే చదివేవాళ్లకు బాగుంటుంది. కానీ ఆపడానికి లేదు. మేడం తన రక్తం పాత స్నేహితురాలి ద్వారా ఒక పెద్ద ఊరికి పరీక్షకు పంపారు. చాలా రోజులకు జవాబు వచ్చింది. చెవుడు తెచ్చిపెట్టే ఆ బాగా తెలిసిన గుర్తు తేడా ఆమెలో లేదు. తక్కినవి చూడలేదు.

మరి ముగ్గురికీ ఎందుకు పోయింది? మోతాదా? తెలియని ఇంకో తేడానా? తల్లికి ముందు సూది, తర్వాత మగ్గం, ఏది ఎంత తీసుకుపోయిందో ఎవరు చెప్పగలరు? కువైట్‌లో ఉన్న సుమలత తల్లికి ఫోనులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. ఆమె ఆ సూది ఎప్పుడూ వేయించుకోలేదు. వేయించుకొని ఉంటే? గుడ్డ మీద ఈ ప్రశ్నలన్నీ రాసి, దులిపి, మళ్లీ రాశాను. మేడం ఓపికగా చదివారు.

"తెలిసిన గుర్తు కాదన్న్యారు. తెలియంది ఉండచ్చు. ఏమీ లేకనూ పోవచ్చు. నాకు తెలీదు బాషా."

మరి పులివెందులలో మనం చేసింది తప్పా అని రాశాను. ఆమె సున్నపుబిళ్ల నా చేతిలోంచి తీసుకొని, మొదటిసారిగా తనే ఆ గుడ్డ మీద రాశారు. అక్షరాలు కాలేజీ బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఆ రోజు తెలిసినంతలో చేసినాం, తెలీదన్న సంగతి కూడా కలిపి రాయి, అని రాశారు. ఆ గుడ్డ దులపలేదు. మడిచి పెట్టాను. సుద్ద రాలిపోయి ఇప్పుడు ఏమీ కనపడదు, అయినా నా దగ్గరే ఉంది. ఏదైనా చదివి నాకు పూర్తిగా అర్థమైపోయిందని అనిపించినప్పుడు తీసి చూసుకుంటాను.

అందుకే ఇది ఇలా కలిపి రాస్తున్నాను. జమ్మలమడుగు చౌడేశ్వరి మేడం తల్లి వరసలో పుట్టిన ఆడపిల్లలూ, వాళ్ల కడుపున పుట్టిన మగపిల్లలూ ఎక్కడున్నా, డాక్టరు చెవుడు గురించి అడిగితే మగ్గమని చెప్పకండి. సూదుల తర్వాత పోయింది, ఎందుకో తేలలేదు, అని ఉన్నదున్నట్టు చెప్పండి. అంతకు మించి నాకు తెలియదు. ఇంకో మందు ఉందో లేదో డాక్టరే చూస్తాడు.

పుస్తకం బీరువా అడుగు నుంచి తీసి ఇచ్చిన ఓబులేసు గారికి, మగ్గం ఆపి చూపించిన నాగరాజుకు, ఆసుపత్రిలో నిద్ర మాని మేడంను కనిపెట్టుకున్న హసీనాకు, దాచిన మాట బయట పెట్టిన నాగమ్మకు, ఇది రాయడానికి ఒప్పుకున్న సుమలతకు కృతజ్ఞతలు. డాక్టర్లిద్దరూ తమ పేర్లు అవసరం లేదన్నారు, వాళ్లకూ కృతజ్ఞతలు. సుమలత కూతురు జాహ్నవికి చివరగా చెప్పుకోవాలి. స్కూలుకు పోయే వయసొచ్చింది. సెలవులకని తల్లితో మా ఇంటికి వచ్చి, నిన్న మధ్యాహ్నం అంగట్లో మేడం కూర్చునే స్టూలు మీద కూర్చొని గుడ్డపేలికలతో ఆడుకుంటోంది. కరెంటు పోయింది. ఆ పిల్ల చేతిలోని పేలిక వదిలేసి తల ఎత్తింది. ఫ్యాను వైపు చూడలేదు, సందు వైపు చూసింది.

"తాతా, మగ్గాలు నిలబడిపోయినాయి," అంది.